చంకలో ఎంత కోయాలి?

అందరికీ నమస్కారం.

ముందు ఒక జాకెట్ గురించి చెబుతాను. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయి ఏడేళ్లు దాటిన ఒకావిడ మా ఓపీకి చెకప్‌కి వచ్చారు. ఆమె జాకెట్‌కి కుడి చేయి ఒక కొలత, ఎడమ చేయి ఇంకో కొలత. "ప్రతిసారీ టైలర్‌కి చెప్పుకోవాల్సి వస్తోంది డాక్టర్ గారూ" అన్నారు. వాచిన చేతికి గాజులు ఎక్కవు. జబ్బు ఎప్పుడో తగ్గిపోయింది, వాపు మాత్రం పోలేదు.

చంకలో చిన్న చిన్న బిళ్లలుంటాయి, లింఫ్ గ్రంథులు. చేతిలో ఊరే నీరు, అంటే లింఫ్, వాటి గుండానే తిరిగి రక్తంలో కలుస్తుంది. క్యాన్సర్ రొమ్ము దాటితే సాధారణంగా ముందు చేరేదీ వాటిలోకే. అందుకని, జబ్బు అక్కడిదాకా వచ్చిందో లేదో తెలియకపోయినా, దశాబ్దాల పాటు సర్జన్లు చంకలోని గ్రంథులన్నీ తీసేసేవారు. నీరు వెళ్లే దారి పోయి కొందరికి చేయి వాచేది.

1990లలో అమెరికాలో డేవిడ్ క్రాగ్, అర్మాండో జూలియానో అనే సర్జన్లు వేరే దారి పట్టారు. రొమ్ము నుంచి లింఫ్ మొదట చేరే ఒకటి రెండు గ్రంథులను తీసి పరీక్షిస్తే చాలన్నారు. అదే సెంటినెల్ నోడ్ బయాప్సీ. రొమ్ములోకి నీలం మందు ఎక్కిస్తాం. కాసేపాగి చంకలో చిన్న కోత పెడితే, పసుపుపచ్చని కొవ్వు మధ్య సన్నటి నీలం దారం కనిపిస్తుంది. దాని వెంట వెళ్తే చివర చిక్కుడు గింజంత నీలం గ్రంథి. ఎన్నిసార్లు చూసినా నాకది కొత్తగానే ఉంటుంది. ఆ తర్వాత మూత్రం ఆకుపచ్చగా రావచ్చు, ముందే చెప్పకపోతే ఇంటిల్లిపాదీ టెన్షన్ పడతారు.

ఆ గ్రంథిలో క్యాన్సర్ లేకపోతే మిగతావి ముట్టుకోం. ఉన్నా, అన్నీ తీయాలనేం లేదు. రొమ్మును ఉంచి గడ్డ మాత్రం తీసి, రేడియేషన్ ఇచ్చిన 891 మందిని అమెరికాలో గమనించారు. అందరికీ ఒకటి రెండు సెంటినెల్ గ్రంథుల్లో జబ్బుంది. పదేళ్ల తర్వాత చూస్తే, అక్కడితో ఆపినవారిలో 86.3 శాతం, చంకంతా తీసినవారిలో 83.6 శాతం బతికున్నారు. తక్కువ కోయడం వల్ల ప్రాణానికి నష్టం జరగలేదు. 2023లో ఇటలీలోని మిలాన్ డాక్టర్ల బృందం ఇంకో అడుగు వేసింది: రెండు సెంటీమీటర్లలోపు గడ్డ ఉండి, చంక అల్ట్రాసౌండ్ బాగుంటే, ఎంపిక చేసిన వారికి ఈ చిన్న కోత కూడా అక్కర్లేకపోవచ్చని చూపింది.

చంకలో బిళ్ల ముందే చేతికి తగులుతుంటే లెక్క వేరు. మన దగ్గర చాలామంది అలాగే ఆలస్యంగా వస్తున్నారు. అది నన్ను బాధపెడుతుంది.

ఇంకో బాధ కూడా ఉంది. "ఏమీ మిగల్చకండి, అంతా తీసేయండి" అని కుటుంబమే బతిమాలుతుంది. భయంతో అంటారు, నాకు తెలుసు. కానీ వాళ్లు తీసేయమంటున్నవాటిలో ఆమె చేతికి కావలసిన గ్రంథులూ ఉన్నాయి. సంతకం పెట్టేముందు "సెంటినెల్ నోడ్‌తో సరిపోతుందా? సరిపోకపోతే ఎందుకు?" అని సర్జన్‌ని అడగండి. ఇప్పటికే ఆపరేషన్ అయినవాళ్లు, చేయి బరువెక్కినట్టో గాజు బిగుసుకున్నట్టో అనిపిస్తే ఆ వారంలోనే వచ్చి చూపించుకోండి.