షెఫ్లర్ – చూడుము: ఆంగెలుస్

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, ముందు వరసలో కూచున్న పిల్లలకు నమస్కారం. ఒక్కొక్కరి పేరూ చదవను. చదివితే నాకిచ్చిన పావుగంటా వాటికే చాలదు. పైగా ఇవాళ నా గొడవే పేర్ల గొడవ.

గ్రంథాలయ వారోత్సవాలు కాబట్టి చదవండి, చదివించండి అని చెప్పాలి. అది తరవాతి వక్తలు చెబుతారు. నేను ముప్ఫై ఏళ్లు కేటలాగు కార్డులు, అంటే ఏ పుస్తకం ఎక్కడుందో చెప్పే కార్డులు, రాసినవాణ్ణి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక జర్మన్ భక్తి కవి పుస్తకం, ఇంగ్లీషు అనువాదం, విరాళంగా వచ్చింది. అట్ట మీద ‘ఆంగెలుస్ సిలేసియుస్’ అని ఉంది. రెండోది ఇంటిపేరనుకుని ‘ఎస్’ సొరుగులో కార్డు పెట్టి, కడ్డీ దూర్చి బిగించేశాను. సిలేసియుస్ అంటే సిలేసియా అనే ప్రాంతం వాడని అర్థమట! మా వీధిలో ఒకాయన్ని అందరూ ‘ఒంగోలాయన’ అనేవారు. ఒంగోలు ఆయన ఇంటిపేరని రేషను కార్డులో రాస్తే ఎలా ఉంటుంది? నేను చేసింది అదే.

అసలు పేరు యొహానెస్ షెఫ్లర్. 1624లో ఆ సిలేసియాలోని బ్రెస్లౌలో పుట్టాడు. ఆ ఊరికీ పేరు మారింది, ఇప్పుడు పోలండులో వ్రోత్స్వాఫ్. లూథరన్ కుటుంబం, అంటే ప్రొటెస్టంట్లు. ఇటలీలోని పాదువాలో వైద్యం చదివి, ఒక లూథరన్ ప్రభువు కొలువులో వైద్యుడయ్యాడు. 1653 జూన్‌లో కాథలిక్ అయ్యి ‘ఆంగెలుస్’ అని పేరు పెట్టుకున్నాడు. దేవదూత అన్నమాట. ఇంకో యొహాన్ ఆంగెలుస్ ఉన్నాడని, తికమక లేకుండా ‘సిలేసియుస్’ తగిలించుకున్నాడంటారు. తికమక లేకుండా! నా సొరుగు చూస్తే ఏమనేవాడో.

ఆయన పుస్తకమూ ఊరుకోలేదు. 1657లో ఒక పేరుతో వచ్చింది, 1675లో పెంచి వేసినప్పుడు ఇంకో పేరుతో. మన ద్విపదల్లా చాలావరకు రెండేసి పాదాలే. గులాబీకి ‘ఎందుకు’ లేదు, పూస్తుంది కాబట్టి పూస్తుంది అన్నది అందులోదే. అంత మెత్తగా రాసిన చెయ్యే లూథరన్ల మీద యాభై అయిదు కరపత్రాలు రాసింది. పద్యాలు ఇష్టపడేవాళ్లు ఈ సంగతి ఎత్తరు. నాకు ఇద్దరూ కావాలి. ఆ కోపిష్టి కోసం వచ్చేవాడు షెఫ్లర్ అనే అడుగుతాడు కదా?

అందుకే ‘చూడుము’ కార్డు. ‘షెఫ్లర్, యొహానెస్ – చూడుము: ఆంగెలుస్ సిలేసియుస్.’ పుస్తకం ఉండని కార్డు అది, దారి చూపే కార్డు. అలాంటివి వందలు రాశాను. కంప్యూటర్లు వచ్చిన ఏడాది ఒక అధికారి వచ్చి, ‘ఇవి పుస్తకాలు కావు కదండీ, ఎక్కించడం దండగ’ అన్నారు. కిలోల లెక్కన తూకానికి వేశారు. మొన్న షెఫ్లర్ అని కొట్టి చూశాను. సున్నా. పుస్తకం మాత్రం బీరువాలోనే ఉంది, నా చేతిరాత నంబరుతో!

ఆ రోజు బస్తాలోంచి ఒక కార్డు తీసి జేబులో వేసుకున్నాను. ఇదిగో. కడ్డీ చిల్లు చిరిగింది, సిరా ఉంది.

కంప్యూటరు దగ్గర కూచునే అమ్మాయి ఎక్కడ? ఆ, వెనకాల ఉన్నావా తల్లీ. సభ అయ్యాక ఓ అయిదు నిమిషాలు ఆగు. షెఫ్లర్‌ని ఎక్కించేద్దాం.