రెండు గంటల మధ్య దూరం: జాన్ లెనన్ 'డబుల్ ఫాంటసీ' మీద ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం.

మాట మొదలుపెట్టే ముందు రెండు చప్పుళ్లు వినిపిస్తాను. పాటలు కాదు, పాటలకు ముందు వచ్చే గంటలు మాత్రమే.

విన్నారు కదా. మొదటిది చర్చి గంట. ఒక మోతకూ ఇంకో మోతకూ మధ్య ఊపిరి బిగబట్టి కూర్చోవాల్సినంత ఖాళీ. శవయాత్ర వెళ్తున్నప్పుడు మోగే గంటలా ఉంటుంది. బీటిల్స్ అనే బ్రిటిష్ రాక్ బృందం నుంచి బయటికొచ్చిన జాన్ లెనన్ 1970 డిసెంబరులో విడుదల చేసిన 'జాన్ లెనన్/ప్లాస్టిక్ ఓనో బ్యాండ్' రికార్డు దీంతో మొదలవుతుంది. వెంటనే 'మదర్' వస్తుంది. తనను వదిలిపోయిన తల్లినీ తండ్రినీ తలచుకుని ఒక మనిషి గొంతు చిరిగేలా అరిచే పాట అది. రెండోది చేతిలో పట్టేంత చిన్న గంట. లెనన్, అతని భార్య యోకో ఓనో కలిసి చేసి 1980 నవంబరు 17న విడుదల చేసిన 'డబుల్ ఫాంటసీ' ఈ గంటతో మొదలవుతుంది. ధ్యాస పెట్టకపోతే వినపడదు కూడా.

ఇది యాదృచ్ఛికం కాదు. ఆ చావుగంట నుంచి ఈ చిన్న గంట దాకా రావడానికి తనకు చాలా కాలం పట్టిందని లెనన్ ఇంటర్వ్యూలో స్వయంగా చెప్పాడు. అంటే పదేళ్ల కిందటి తన రికార్డుకు ఎదురుగా దీన్ని తెలిసే నిలబెట్టాడు. ఈ రికార్డును తూచాల్సింది ఆ రెండు గంటల మధ్య దూరంతోనే అని నా నమ్మకం. మనం మాత్రం నలభై ఏళ్లకు పైగా దాన్ని వేరే త్రాసులో పెట్టి తూస్తున్నాం.

ఆ త్రాసు ఏమిటో మీకు తెలుసు. రికార్డు విడుదలైన మూడు వారాలకు, డిసెంబరు 8 రాత్రి, న్యూయార్క్‌లో తాను ఉండే డకోటా భవనం గుమ్మంలో లెనన్‌ను కాల్చి చంపారు. అతనికి నలభై ఏళ్లు.

'చచ్చినవాడి కళ్లు చారెడు' అంటాం. ఆ రికార్డు విషయంలో అక్షరాలా అదే జరిగింది. డిసెంబరు 8కి ముందు వచ్చిన సమీక్షల్లో చాలావాటికి అది నచ్చలేదు. బ్రిటన్‌లో 14వ స్థానం దాకా వెళ్లి కిందికి జారడం మొదలుపెట్టింది. ఆ రాత్రి తర్వాత అట్లాంటిక్‌కు రెండు వైపులా మొదటి స్థానానికి చేరింది. అచ్చుకు సిద్ధమైన తిట్లు కొన్ని వెనక్కి వెళ్లిపోయాయి. 1982 ఫిబ్రవరిలో ఆ ఏటి ఉత్తమ ఆల్బంగా అమెరికా సంగీత రంగపు పెద్ద బహుమతి గ్రామీ వచ్చింది. యోకో ఓనో ఆరేళ్ల కొడుకు షాన్‌తో కలిసి వేదికెక్కి దాన్ని అందుకుంది. రికార్డులో ఒక్క స్వరం మారలేదు. మారింది వినేవాళ్లు.

నేను ఆ తొలి సమీక్షకులను తప్పుపట్టను. ఆ మూడు వారాల్లో దీన్ని రికార్డుగా మాత్రమే విన్నది వాళ్లు. తర్వాత మనలో ఎవరికీ ఆ అవకాశం దొరకలేదు. వాళ్ల అభియోగం సూటిగానే ఉంది: ఐదేళ్లు ఊరుకున్న మనిషి తిరిగొచ్చి నా భార్య, నా కొడుకు, నా ఇల్లు అని పాడుతున్నాడు, ఇందులో మాకేముంది? అతని బతుకు బాగున్నట్టుంది, రికార్డు మాత్రం బాగాలేదు అన్న అర్థంలో ఒక బ్రిటిష్ సంగీత వారపత్రిక రాసింది. అప్పటి బ్రిటన్‌ను గుర్తుచేసుకుంటే ఆ కోపం అర్థమవుతుంది. నిరుద్యోగం రోజురోజుకూ పెరుగుతోంది. పంక్ అనే మొరటు, కోపపు రాక్ వాయించే కుర్రాళ్లు వచ్చి పాత రాక్ దొరల మేడలన్నీ కూలగొట్టామనుకున్న రోజులు. అలాంటప్పుడు ఒక మేడలోంచి కిటికీ తెరిచి, నేను హాయిగా ఉన్నాను అంటే ఒళ్లు మండదా?

మండుతుంది. కానీ ఆ హాయి ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడాలి.

1969 సెప్టెంబరులోనే లెనన్ బీటిల్స్ నుంచి వెళ్లిపోతున్నానని మిగతా ముగ్గురికీ చెప్పేశాడు. బయటివాళ్లకు తెలిసింది 1970 ఏప్రిల్‌లో, అదీ ఆ ముగ్గురిలో ఒకడైన పాల్ మాకార్ట్నీ ద్వారా. ఆ తర్వాత ఐదేళ్లలో లెనన్ విడుదల చేసిన రికార్డులు వింటే పరుగెత్తే మనిషి కనిపిస్తాడు. అరిచాడు, కలలు కన్నాడు, రాజకీయ నినాదాలు పాడాడు, యోకోకు దూరమై తాగుడులో పడ్డాడు, చివరికి 1975లో చిన్నప్పుడు ఇష్టపడిన పాత రాక్ అండ్ రోల్ పాటలు మళ్లీ పాడి ఆగిపోయాడు. అదే ఏడాది అక్టోబరు 9న, సరిగ్గా తన పుట్టినరోజునే, షాన్ పుట్టాడు. కొన్ని నెలలకు రికార్డు కంపెనీతో ఒప్పందం ముగిసింది. కొత్తది రాసుకోలేదు. పిల్లవాణ్ణి చూసుకుంటూ, రొట్టెలు కాలుస్తూ ఇంట్లో ఉండిపోయాడు. లెక్కలూ వ్యాపారమూ యోకో చూసుకుంది. పదహారేళ్ల వయసు నుంచీ గిటార్ దించని మగవాడు, ప్రపంచంలో అందరికంటే ఎక్కువగా గుర్తుపట్టే ముఖాల్లో ఒకటి ఉన్నవాడు, డెబ్భైల మధ్యలో ఆ పని చేశాడు. దాన్ని సోమరితనం అన్నవాళ్లున్నారు. 'డబుల్ ఫాంటసీ'లోని 'వాచింగ్ ద వీల్స్' వాళ్లకు జవాబు. ఆ పాట ముక్కలు ఆ మౌనపు ఏళ్లలోనే ఇంట్లో టేపుల మీద మొదలయ్యాయి. అంటే ఊరుకున్నది బయటికి మాత్రమే.

1980 జూన్‌లో రోడ్ ఐలండ్‌లోని న్యూపోర్ట్ నుంచి 43 అడుగుల తెరచాప పడవలో బెర్ముడా బయల్దేరాడు. దారిలో తుఫాను. తోటివాళ్లు వాంతులతో పడకేశారు, కెప్టెన్ కూడా అలసిపోయి చుక్కాని ఇతని చేతికిచ్చాడు. గంటల తరబడి ఉప్పునీళ్లు ముఖాన కొడుతుంటే, మొదట వణికి, తర్వాత నావికుల పాటలు అరిచి పాడుతూ పడవ నడిపాడు. బెర్ముడా చేరాక పాటలు వరదలా వచ్చాయి. అక్కడి వృక్షోద్యానంలో ఒక ఫ్రీసియా పువ్వు పక్కన పెట్టిన పేరు పలక మీద 'డబుల్ ఫాంటసీ' అని ఉంది. రికార్డు పేరు దొరికింది. ఒక క్లబ్బులో బీ-ఫిఫ్టీటూస్ అనే కొత్త అమెరికన్ బృందం పాట విని, ఇది అచ్చం యోకో గొంతులా ఉందే అనుకున్నాడు. పదేళ్లుగా ఆమె అలా పాడుతుంటే నవ్విన లోకం ఇప్పుడు ఆ దారికొచ్చిందని అతనికి అనిపించింది.

ఆ రెండో సంగతే ఈ రికార్డుకు తాళంచెవి. ఇక్కడ నా తప్పొకటి చెప్పుకోవాలి. చాలా ఏళ్లు నేను 'డబుల్ ఫాంటసీ'ని సగమే విన్నాను. అతని పాట అయిపోగానే క్యాసెట్‌ను ముందుకు తిప్పి ఆమె పాట దాటేసేవాణ్ణి. నా వేలు ఆ మీట మీదే ఉండేది. అలా వింటే ఏడు పాటలు మిగులుతాయి. బాగుంటాయి, కాస్త మెత్తగా ఉంటాయి, ఒకట్రెండు పేలవంగానూ ఉంటాయి. ఆ ఏడు పాటలకే తీర్పు చెప్పమంటే 1980 సమీక్షకులతో దాదాపు ఏకీభవిస్తాను.

కానీ రికార్డులో ఉన్నవి పద్నాలుగు. అతనివి ఏడు, ఆమెవి ఏడు, దాదాపు ఒకదాని తర్వాత ఒకటి. అట్ట మీద 'ఎ హార్ట్ ప్లే' అని ఉపశీర్షిక ఉంది. నాటకం అని వాళ్లే చెప్పారు. నాటకంలో ఒక పాత్ర మాటలు తీసేస్తే రెండో పాత్ర వెర్రివాడిలా తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది. నేను లెనన్‌ను అలా చేశాను. చాలామంది శ్రోతలు ఇప్పటికీ చేస్తున్నారు.

మొదటి వైపు చివర్లో ఏం జరుగుతుందో దగ్గరగా చూద్దాం. 'అయామ్ లూజింగ్ యూ' అతను బెర్ముడాలో ఉన్నప్పుడు పుట్టింది. న్యూయార్క్‌కు ఫోను చేస్తే యోకో దొరకలేదు. ఆ గాభరాలోంచి వచ్చిన పాట. గిటార్ పళ్లు బిగించి తిరుగుతుంటుంది, గొంతులో పాత లెనన్ లేస్తాడు. అనుమానం, అపరాధం, చేతిలోంచి జారిపోతోందన్న భయం. సంసారం హాయిగా ఉందని పాడుతున్నాడన్న అభియోగం ఈ పాట దగ్గర నిలవదు. అసలు దెబ్బ తర్వాత ఉంది. పాట పూర్తిగా ఆగకుండానే యోకో 'అయామ్ మూవింగ్ ఆన్'లోకి జారుతుంది. నిన్ను పోగొట్టుకుంటున్నాను అని అతను మొత్తుకుంటే, నేను వెళ్తున్నాను అని ఆమె పొడిగా చెబుతుంది. కన్నీళ్లు లేవు, బతిమాలడం లేదు. ఒక రాక్ వీరుడి తిరుగు రాక రికార్డులో అతని గోడుకు భార్య ఇంత కఠినంగా బదులివ్వడం, ఆ బదులును అతనే తన పక్కన పెట్టుకోవడం నాకు ఇంకెక్కడా కనపడలేదు.

ఆ వెంటనే 'బ్యూటిఫుల్ బాయ్'. అలల చప్పుడు, స్టీల్ డ్రమ్ మోత, నిద్రపోతున్న బిడ్డ చెవిలో గొణిగినట్టు ఉండే గొంతు. పీడకల పోయింది, నాన్న ఇక్కడే ఉన్నాడు అని ధైర్యం చెబుతాడు. ఆ గుడ్డి భయం, ఆ పొడి జవాబు విన్నాక ఈ జోలపాట వింటే అది తీపిపదార్థం కాదు. కూలిపోబోయిన ఇంట్లో ఇంకా నిలబడి ఉన్న గది. తల్లిదండ్రుల కోసం అరిచిన ఆ 'మదర్' పిల్లవాడు ఇప్పుడు తండ్రి గొంతుతో మాట్లాడుతున్నాడు. నేను చెప్పిన రెండు గంటల మధ్య దూరం ఇక్కడ కొలవొచ్చు.

ఇక లోపాలు. ఉన్నాయి, దాచను. ఆగస్టులో న్యూయార్క్‌లోని హిట్ ఫ్యాక్టరీ స్టూడియోలో రికార్డింగ్ మొదలైంది. నిర్మాతలు లెనన్, యోకో, జాక్ డగ్లస్. గిటార్లు ఎర్ల్ స్లిక్, హ్యూ మెక్రాకెన్, బేస్ టోనీ లెవిన్, డ్రమ్స్ ఆండీ న్యూమార్క్. అందరూ చెయ్యి తిరిగినవాళ్లు. అదే చిక్కు కూడా. ఎక్కడా అంచు తెగదు. 'క్లీనప్ టైమ్' బిగువుగా వాయించారు గానీ పాటలో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. 'డియర్ యోకో' ఇంట్లోవాళ్లకు రాసిన చీటీ, మనం చదవాల్సిన అవసరం లేదు. 'వుమన్' బాణీ అందం కాదనలేను, కాని దాని మీద పూసిన చక్కెర ఎక్కువ. 'అయామ్ లూజింగ్ యూ'ను మొదట చీప్ ట్రిక్ బృందంలోని రిక్ నీల్సన్, బన్ ఈ. కార్లోస్‌లతో రికార్డు చేశారు. అది పక్కన పెట్టేశారు, 1998లో వచ్చిన పెట్టె సంకలనంలో (బాక్స్ సెట్) బయటపడింది. వినండి. దాంట్లో ఉన్న కరకుతనం ఆల్బం మీదకు వచ్చి ఉంటే తొలి సమీక్షలు ఇంకోలా ఉండేవని నా అనుమానం.

ఇంకో లోపం గొంతు. లెనన్‌కు తన గొంతు ఎప్పుడూ నచ్చేది కాదు. బీటిల్స్ రోజుల నుంచీ దాన్ని రెట్టింపు చేసో, ప్రతిధ్వనిలో ముంచో దాచమనేవాడు. ఇక్కడా అంతే. 2010లో యోకో, జాక్ డగ్లస్ కలిసి ఆ పూతలన్నీ తీసి 'స్ట్రిప్డ్ డౌన్' అని మళ్లీ విడుదల చేశారు. అందులో 'స్టార్టింగ్ ఓవర్' వింటే పాతతరం రాక్ గాయకులైన ఎల్విస్‌ను, రాయ్ ఆర్బిసన్‌ను ప్రేమగా అనుకరిస్తున్న నలభై ఏళ్ల మనిషి గొంతు పక్కనే కూర్చున్నట్టు వినిపిస్తుంది. మొదటి రూపం కంటే నాకు అదే దగ్గర.

వింతేమిటంటే, కాలానికి ఎక్కువ నిలబడింది యోకో సగం. 'కిస్ కిస్ కిస్', 'గివ్ మి సమ్‌థింగ్' లాంటివి అప్పుడే మొలుస్తున్న కొత్త సంగీతం పక్కన ఇబ్బంది లేకుండా నిలబడతాయి. అతను 1950ల వైపు తిరిగి పాడుతుంటే ఆమె 1980ల వైపు తిరిగి పాడింది. ఈ సంగతి అతనికి తెలుసు. అందుకే డిసెంబరు 8 రాత్రి కూడా రికార్డ్ ప్లాంట్ స్టూడియోలో ఇద్దరూ పనిచేస్తున్నది అతని పాట మీద కాదు, ఆమె 'వాకింగ్ ఆన్ థిన్ ఐస్' మీద. అందులోని ఆ కీచుమనే, కోసుకుపోయే గిటార్ లెనన్‌దే. 'డబుల్ ఫాంటసీ'లో ఎక్కడా లేని దుడుకు ఆ వాయింపులో ఉంది. స్టూడియో నుంచి ఇంటికొచ్చి కారు దిగాడు.

'చివరి ఆల్బం' అన్న మాట మీద నాకున్న అభ్యంతరం ఇదే. చివరిదని తెలిసి చేసే రికార్డులు ఉంటాయి. వాటిలో లెక్కలు తేల్చుకోవడం, వీడ్కోలు ఉంటాయి. ఇందులో ఒక్క వీడ్కోలూ లేదు. తర్వాతి రికార్డుకు సరిపడా పాటలు అప్పటికే సగం తయారై ఉన్నాయి. యోకో వాటిని 1984 జనవరిలో 'మిల్క్ అండ్ హనీ'గా విడుదల చేసింది. అందులో 'నోబడీ టోల్డ్ మి' వినండి, మెరుగులు దిద్దకుండా వదిలేసిన గొంతు ఎంత తేలిగ్గా నవ్వుతుందో. 'గ్రో ఓల్డ్ విత్ మి' స్టూడియో దాకా రాలేదు, ఇంట్లో క్యాసెట్ మీద పాడుకున్నదే మనకు మిగిలింది.

కాబట్టి నా తీర్పు అడిగితే ఇలా చెబుతాను. ఇది కళాఖండం కాదు, గ్రామీ వాళ్లు దుఃఖంలో ఉన్నారు. పేలవమైనదీ కాదు, సమీక్షకులు సగం విన్నారు. ఐదేళ్ల తర్వాత చేతులు మళ్లీ అలవాటు చేసుకుంటున్న మనిషి, తన పక్కన తనకంటే ముందున్న మనిషిని నిలబెట్టుకుని చేసిన మొదటి ప్రయత్నం. దాన్ని మొదటి ప్రయత్నంగానే తూచండి. పొరపాట్లు పొరపాట్లుగా కనిపిస్తాయి, ఆ మూడు నాలుగు గొప్ప పాటలు కన్నీళ్ల సాయం లేకుండానే గొప్పగా వినిపిస్తాయి.

ఇప్పుడు మొదటి వైపు మొత్తం వేస్తున్నాను. నాలుగు పాటలు అతనివి, మూడు ఆమెవి. ఎవరివీ దాటేయడం లేదు. దయచేసి ఫోన్లు ఆపండి, ఆ చిన్న గంట మరీ నెమ్మదిగా మోగుతుంది.