బొచ్చు కోటు పాతబడిందట!

అందరికీ నమస్కారం. ముందు మింక్ అనే జంతువు సంగతి చెప్తాను. ముంగిసలా సన్నగా, పొడుగ్గా ఉంటుంది. నీళ్లంటే ప్రాణం. ఫారంలో మాత్రం తీగల బోనులో పుట్టి, ఏడెనిమిది నెలలు తిరక్కుండానే చర్మం కోసం చచ్చిపోతుంది. ఒక నిండు కోటుకి దాదాపు 50 మింక్‌లు కావాలి.

ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2001లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. ఫారం మింక్‌లకి ఆడుకోను బొమ్మలు, ఎక్కి కూర్చోను గట్టు, ఈదను చిన్న కొలను, ఇలా రకరకాలు ఇచ్చారు. ఒక్కోదానికి వెళ్లే తలుపుకి బరువు పెంచుతూ పోయారు. అన్నిటికన్నా ఎక్కువ బరువు తోసుకుని అవి వెళ్లింది కొలనుకే. ఆ తలుపు మూసేస్తే, తిండి పెట్టనప్పుడు ఎంత టెన్షన్ పడతాయో దాదాపు అంతా పడ్డాయి. తరతరాలుగా బోనులోనే పుట్టి పెరిగిన జంతువులండీ ఇవి!

ఇక ఫ్యాషన్ కంపెనీలు. 2017లో గూచీ ఫర్, అంటే జంతువుల బొచ్చు, వాడడం మానేస్తామంది. వెర్సాచే, బర్బరీ, ప్రాడా అదే బాట పట్టాయి. 2021లో గూచీ మాతృసంస్థ కేరింగ్ తన బ్రాండ్లన్నిటికీ ఆ మాట వర్తింపజేసింది. సంతోషమే. కానీ అప్పటి గూచీ సీఈఓ మార్కో బిజ్జారి చెప్పిన కారణం దగ్గర నేను ఆగిపోతాను. ఫర్ ఇప్పటి కాలానికి సరిపోదు, పాతబడింది అన్నారాయన. పాతబడిందని పక్కన పెట్టిన బెల్‌బాటమ్ ప్యాంట్లు ఎన్నిసార్లు తిరిగి రాలేదు? ఇప్పుడు కుర్రకారు ‘వింటేజ్’ అంటూ పాత ఫర్ కోట్లు వెతికి మరీ వేసుకుంటున్నారు.

అందుకే నాకు ప్రకటనల కన్నా చట్టాల మీద గురి. కాలిఫోర్నియాలో కొత్త ఫర్ బట్టల అమ్మకం మీద 2023 నుంచి నిషేధం ఉంది. చట్టాల్లోనూ తిరకాసులున్నాయి లెండి. బ్రిటన్ 2000లోనే ఫర్ ఫారాలకి వ్యతిరేకంగా చట్టం చేసింది, దిగుమతికి మాత్రం తలుపులు తెరిచే ఉంచింది. అక్కడ పెంచితే నేరం, బయటి నుంచి తెచ్చి అమ్మితే వ్యాపారం.

డెన్మార్క్ కథ వేరు. మింక్‌లలో మార్పు చెందిన కరోనా వైరస్ కనబడిందని 2020 నవంబరులో ఉన్నవన్నీ చంపెయ్యమన్నారు. కోటిన్నరకు పైగానే ఉన్నాయి. అంత పెద్ద పరిశ్రమ కుప్పకూలింది జాలి వల్ల కాదు, రోగం వల్ల.

నకిలీ ఫర్‌తో పీడ వదిలిందా? అది ఎక్కువగా అక్రిలిక్, పాలిస్టర్. అంటే ప్లాస్టిక్కే. ఇంకో చిత్రం ఏమిటంటే, బ్రిటన్‌లో అసలు బొచ్చునే నకిలీ అని అమ్మిన సందర్భాలు బయటపడ్డాయి. ఫారం ఫర్ అంత చవకైపోయింది మరి. టోపీకో చెప్పుకో బొచ్చు కనబడితే వేళ్లతో పాయ తీసి కుదుళ్లు చూడండి. నకిలీదైతే కింద గుడ్డ నేత కనబడుతుంది. తోలు కనబడిందంటే, లేబుల్ మీద ఏం రాసున్నా సరే, అది ఒకప్పుడు ఊపిరి పీల్చిందే.