చూపు తిప్పుకుంటే చాలు

శ్రోతలకు నమస్కారం.

ఆగస్టు 1 నుంచి 7 దాకా తల్లిపాల వారోత్సవం. 1992 నుంచి ఏటా జరుగుతోంది. ఆస్పత్రుల్లో బ్యానర్లు కడతారు, తల్లిపాలు అమృతమని ఉపన్యాసాలు ఇస్తారు. ప్రసూతి వార్డులో నర్సుగా చేసి రిటైరైన మనిషిని కదా, అలాంటి ఉపన్యాసాలు నేనూ బోలెడు ఇచ్చాను. ఇవాళ మాత్రం ఇవ్వను. మొదటి ఆరు నెలలు తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా అక్కర్లేదని ఇప్పుడు ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. మరి అదే తల్లి బిడ్డను ఎత్తుకుని గడప దాటితే సంగతేమిటి? నాకు అదే మాట్లాడాలని ఉంది.

మన చెన్నైలో ఈ వారానికి ఇంకో హడావుడి కూడా ఉంది. ఆడి తగ్గింపు. తమిళుల ఆడి నెల జూలై మధ్యలో మొదలై ఆగస్టు మధ్య దాకా సాగుతుంది. ఆ నెలలో వాళ్ళు పెళ్ళిళ్ళు పెట్టుకోరు కాబట్టి బట్టల షాపులవాళ్ళు ధరలు తగ్గిస్తారు. మనవాళ్ళకేమో శ్రావణ ముహూర్తాలు ఉంటాయి. ఇంకేం, నెల్లూరు, గూడూరు, తిరుపతి అన్నీ టీ నగర్‌లోనే కనిపిస్తాయి. పెళ్ళి బట్టలకొచ్చిన గుంపులో ఒక చంటిపిల్ల తల్లి ఉండి తీరుతుంది. అలాంటి తల్లి లేని గుంపును నేను చూడలేదు.

పోయినేడు మా వదినగారి తరఫువాళ్ళు నెల్లూరు నుంచి అలాగే వచ్చారు. ఊళ్ళో ఉన్నదాన్ని, నన్నూ తోడు రమ్మన్నారు. పెద్ద షాపు, పట్టుచీరల సెక్షన్. కింద తెల్లటి పరుపులు పరిచి ఉంటాయి. అమ్మేవాళ్ళు అటు, కొనేవాళ్ళు ఇటు బాసింపట్టు వేసుకుని కూర్చుంటారు. పెళ్ళికూతురి అక్క ఒళ్ళో నాలుగు నెలల బాబు. వాడు కాసేపు తల అటూ ఇటూ తిప్పాడు, తర్వాత పిడికిలి నోట్లో పెట్టుకుని చప్పరించడం మొదలెట్టాడు. అది ఆకలి. పిల్లలు ఆకలేయగానే ఏడవరు. ముందు ఇలా చెప్పి చూస్తారు, మనం వినకపోతే అప్పుడు ఏడుస్తారు. ఆ అమ్మాయికి అర్థమైంది. వాళ్ళ పెద్దమ్మ వైపు చూసింది.

పెద్దమ్మ గుసగుసగా, "ఇంతమంది మగాళ్ళ మధ్య ఏంటే! బాత్రూమ్‌కి తీసుకెళ్ళు. పైగా దిష్టి" అంది.

పిల్ల లేచి వెళ్ళింది, నేనూ వెనకాలే వెళ్ళాను. అక్కడ ఆడవాళ్ళ లైను గుమ్మం బయటి దాకా ఉంది. లోపల నేలంతా తడి. కూర్చోవడానికి అంగుళం చోటు లేదు. ఒక చేత్తో పిల్లాడు, ఒక చేత్తో జారిపోతున్న చున్నీ. ట్రయల్ రూములో కూర్చోవచ్చా అని అడిగితే, బయట బట్టలు పట్టుకుని నిలబడ్డవాళ్ళు మమ్మల్ని వింతగా చూశారు. ఈలోగా బాబు ఆరున్నొక్క రాగం అందుకున్నాడు. తిరిగి పట్టు సెక్షన్‌కే వచ్చాం. అమ్మాయి కళ్ళలో నీళ్ళు.

చీరలు చూపిస్తున్నాయన తమిళాయన, యాభై దాటి ఉంటాయి. తెలుగు బాగా వచ్చు, టీ నగర్ సేల్స్‌మెన్‌కు రాకపోతే గడవదు కదా. చేతిలో పసుపుపచ్చ చీర సగం విప్పి ఉంది. ఒక్కసారి తలెత్తి చూశాడు. చీర అలాగే వదిలి లేచి, అవతల వరసలో నూలు చీరలు చూపిస్తున్నావిడను "అక్కా, కొంచెం ఇంగ వాంగ" అని పిలిచాడు. ఆవిడ వచ్చి ఆయన చోట్లో కూర్చుంది, ఆయన వెళ్ళి ఆవిడ చోట్లో కూర్చున్నాడు. పోతూ పోతూ అమ్మాయితో, "గోడ వైపు జరిగి కూర్చోమ్మా, వీపు ఆనించుకోవచ్చు" అన్నాడు. అంతే. ఆవిడ అదే పసుపుపచ్చ చీర అందుకుని, మిగతాది విప్పి, "ఇది అరక్కు బార్డర్ మా, పెళ్ళికి బాగుంటుంది" అని బేరం కొనసాగించింది. అరక్కు అంటే లక్క రంగు.

అమ్మాయి గోడకు ఆనుకుని చున్నీ కప్పుకుంది. కాసేపు బాబు పట్టడం, వదిలేయడం, మళ్ళీ ఏడవడం. పాలు చేపుకు రావడం లేదు. మావాళ్ళు బార్డరు పెద్దదా చిన్నదా అని వాదించుకోవడంలో పడిపోయి ఆ అమ్మాయి సంగతే మర్చిపోయారు. ఆ మర్చిపోవడమే మేలు చేసింది. రెండు మూడు నిమిషాలకు ఆమె భుజాలు కిందికి దిగాయి, చున్నీ లోపల్నుంచి గుటకల చప్పుడు వినిపించింది. పెద్దమ్మే జరిగి వచ్చి, బయటికొచ్చిన బాబు పాదాన్ని చున్నీ కిందికి సర్దింది. దిష్టి అని మాత్రం ఇంకోసారి అంది, అనుకోండి.

ఆ సేల్స్‌మన్ పెద్దమనిషి పనిగట్టుకుని జాలి చూపలేదు, "మీరు ఇబ్బంది పడకండి" అని అందరికీ వినపడేలా అనలేదు. కూర్చునే చోటు మార్చుకున్నాడు, చూపు తిప్పుకున్నాడు. చూపు తిప్పుకుంటే చాలు.

ఎందుకు చాలో నర్సుగా రెండు ముక్కలు చెబుతాను. బిడ్డ పట్టగానే తల్లి మెదడు నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోన్ విడుదలవుతుంది. పాలు బయటికి తోసేది అదే. తల్లి సిగ్గుతోనో భయంతోనో బిగుసుకుపోతే అది కాసేపు వెనకాడుతుంది. రొమ్ములో పాలుంటాయి, బిడ్డ నోట్లోకి రావు. పాడి ఉన్న ఇళ్ళవాళ్ళకు ఇది కొత్త కాదు, పరాయి మనిషి పక్కన నిలబడితే ఆవు చేపదు. అంటే మనం గుచ్చి గుచ్చి చూస్తే ఆ తల్లి మనసు నొచ్చుకోవడంతో పోదు, బిడ్డ నోటి దగ్గర పాలే ఆగుతాయి. అప్పుడేమవుతుంది? ఈసారి బయటికి వెళ్ళేటప్పుడు సీసా పట్టుకెళ్దాం అనుకుంటుంది. బిడ్డ తాగడం తగ్గితే పాలు ఊరడమూ తగ్గుతుంది. తర్వాత "మా అమ్మాయికి పాలు చాలవండీ" అంటూ ఆస్పత్రికి వస్తారు. వార్డులో ఈ మాట విన్నప్పుడల్లా నేను మొదట అడిగేది, బిడ్డను తీసుకుని ఎక్కడెక్కడికి వెళ్ళావమ్మా అనే.

ఇందులో ఇంకో విచిత్రం ఉంది. ఓల్డ్ మహాబలిపురం రోడ్డు పక్కన అపార్ట్‌మెంట్లు కట్టే చోట మన శ్రీకాకుళం ఆడవాళ్ళు ఇసక కుప్ప మీద కూర్చుని పిల్లలకు పాలిస్తుంటారు. ఎవరూ ఏమీ అనరు. అదే అపార్ట్‌మెంట్‌లో కాపురానికి వచ్చిన అమ్మాయి కింద పార్కులో బెంచీ మీద ఇస్తే, సాయంత్రానికి నలుగురూ నాలుగు మాటలంటారు. కూలి తల్లిని ఏమీ అనకపోవడం గౌరవమో, ఆమెను మనుషుల లెక్కలోనే చూడకపోవడమో, నాకు అనుమానమే. దానికి తోడు ఇప్పుడు ప్రతి చేతిలో ఫోను. చూపులకు భయపడని అమ్మాయిలు కూడా ఎవరైనా ఫొటో తీస్తారేమోనని భయపడుతున్నారు. ఆ టెన్షన్ మా రోజుల్లో లేదు.

మరి గదులు కట్టించలేదా అంటారు. కట్టించారు. 2015 ఆగస్టులో జయలలితగారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు తమిళనాడులో 350కి పైగా బస్ స్టాండుల్లో తల్లులు పాలివ్వడానికి గదులు తెరిచారు. దేశంలో చాలామంది కంటే ముందు ఆలోచించిన పని, మెచ్చుకోవాలి. బిడ్డతో రాత్రి బస్సుకు ఎదురుచూసే తల్లికి అలాంటి గది పెద్ద అండ. అయితే అన్ని చోట్లా ఒకేలా ఉండవు. ఒక ఊళ్ళో, పేరు చెప్పను, గదికి తాళం వేసి ఉంది. తాళం చెవి ఉన్నాయన టీకి వెళ్ళాడు. ఆయన వచ్చి తీస్తే లోపల చీపుళ్ళు, ఫినాయిల్ డబ్బాలు! పైగా సిటీ బస్సులోనో, రేషన్ క్యూలోనో ఉన్నప్పుడు పిల్లాడికి ఆకలేస్తే గదిని ఎక్కణ్ణించి తెస్తాం?

2025 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు ఈ విషయం మీద తీర్పిచ్చింది. జస్టిస్ నాగరత్న, జస్టిస్ వరాలే ధర్మాసనం. బహిరంగ స్థలాల్లో పాలిచ్చే తల్లులకు ఏర్పాట్లు చేయాలని రాష్ట్రాలకు చెప్పింది. నాకు నచ్చింది ఆ తర్వాతి మాట. బయట, పనిచేసే చోట పాలివ్వడాన్ని తప్పుగా చూడకూడదంటూ, స్త్రీల గౌరవాన్ని తగ్గించే అలవాట్లు వదులుకోవడం రాజ్యాంగం ప్రకారం పౌరుల ప్రాథమిక విధి అని గుర్తు చేసింది. అంటే గది కట్టించడం సర్కారు పని, చూపు తిప్పుకోవడం మన పని.

టైము దగ్గర పడింది. షాపులవాళ్ళకు, కల్యాణ మండపాల మేనేజర్లకు ఒక్క విషయం చెప్పి ముగిస్తాను. మీరు ప్రత్యేకంగా గది కట్టించలేకపోవచ్చు. ఒక కుర్చీ వేయగలరు. వీపు ఆనే కుర్చీ వేయండి, కాళ్ళు నేలకు ఆనేంత ఎత్తున్నది. ఎత్తు స్టూలు పనికిరాదు, బిడ్డ ఒళ్ళోంచి జారుతుంది. మనుషులు అటూ ఇటూ తిరిగే దారిలో కాకుండా గోడ వారగా, ఫ్యాను గాలి తగిలే చోట వేయండి. పక్కన మంచినీళ్ళు పెట్టండి, పాలిచ్చేటప్పుడు తల్లికి గొంతు ఎండుకుపోతుంది. ఇక మీ దగ్గర పనిచేసేవాళ్ళతో ముందే ఒక మాట చెప్పి ఉంచండి. చంటిపిల్ల ఏడుస్తుంటే తల్లి అడిగేదాకా ఆగక్కర్లేదు, "అమ్మా, కుర్చీ ఇక్కడుంది" అని చూపించి, ఎవరి పని వాళ్ళు చూసుకోవాలి. అంతకు మించి ఏమీ చేయొద్దని కూడా చెప్పండి.

సెలవు. నమస్కారం.