సీసీ హాఫ్ బాగుంది సరే, డేటాను నమ్మొచ్చా?

నమస్కారం అండీ. స్క్రీన్ మీద ఉన్నది లైసోజైమ్ క్రిస్టల్ ఇచ్చిన ఎలక్ట్రాన్ డిఫ్రాక్షన్ ప్యాటర్న్, అంటే క్రిస్టల్‌లో చెదిరిన ఎలక్ట్రాన్లు వేసిన చుక్కల బొమ్మ. 2013లో టమీర్ గోనెన్ బృందం మైక్రోఈడీని, అంటే చాలా చిన్న క్రిస్టల్స్ నుంచి ఎలక్ట్రాన్లతో ప్రోటీన్ నిర్మాణం తెలుసుకునే పద్ధతిని, చూపించింది ఈ ప్రోటీన్ మీదే. ఈ చుక్కల ఇంటెన్సిటీలను ఎంతవరకు నమ్మొచ్చన్న వాదన ఆ తర్వాత కూడా చాన్నాళ్లు నడిచింది.

ఎక్స్‌రే ప్రోటీన్ క్రిస్టల్‌లో దాదాపుగా ఒక్కసారే చెదురుతుంది. ఎలక్ట్రాన్‌కి పరమాణువులతో తాకిడి చాలా ఎక్కువ. క్రిస్టల్ మందంగా ఉంటే, ఒకసారి చెదిరింది మళ్లీ చెదురుతుంది. బలమైన చుక్కల ఇంటెన్సిటీ కొంత బలహీనమైన వాటిలోకి చేరుతుంది. నష్టం ఎక్కువగా ఆ బలహీనమైన వాటికే.

ఇది మీ డేటాలో ఉందో లేదో చూద్దాం. మన క్రిస్టల్ స్పేస్ గ్రూప్, అంటే లోపలి అమరికలోని సౌష్ఠవం, పీ4₃2₁2. ప్రతి చుక్కకీ మూడు అంకెల చిరునామా ఉంటుంది. సున్నా, సున్నా, ఎల్ వరసలో ఎల్ నాలుగుతో భాగించబడితేనే చుక్క రావాలి. కర్సర్ దగ్గర చూడండి: 0, 0, 6. ఉండకూడదు, కానీ ఉంది. దాని ఇంటెన్సిటీని పక్కనున్న 0, 0, 8తో పోల్చండి. ఒక్క మాట, ఈ పరీక్షకి డేటాని పీ422లో, అంటే ఈ చుక్కల నియమం లేని స్పేస్ గ్రూప్‌లో, ప్రాసెస్ చేయండి. అసలు స్పేస్ గ్రూప్ ఇచ్చేస్తే ప్రోగ్రామ్ ఆ చుక్కల్ని పక్కన పెట్టేయొచ్చు.

"సీసీ హాఫ్ 0.99 వచ్చింది కదా" అంటారు. అది చెప్పేది డేటాలో ఒక సగం రెండో సగంతో ఎంత కలుస్తుందనే. రాయి తరుగున్న తక్కెడలో పదిసార్లు తూచినా బరువు ఒకటే వస్తుంది! ఒకే క్రిస్టల్, ఒకే దిశ అయితే తప్పు కూడా అలాగే తిరిగి తిరిగి వస్తుంది. అందుకే వేర్వేరు దిశల్లో పడుకున్న క్రిస్టల్స్ డేటాని కలపాలి. ఆపకుండా తిప్పుతూ తీయడం కూడా ఈ తప్పుని బాగా తగ్గిస్తుంది.

మందం సంగతి. లెక్కలు భయపెట్టినంత ఘోరంగా లేదనే నా అభిప్రాయం. 2021లో గోనెన్ బృందం ప్రోటీనేజ్ కే క్రిస్టల్స్‌ని అయాన్ బీమ్‌తో వేర్వేరు మందాల్లో చెక్కి చూసింది. ఇనెలాస్టిక్ మీన్ ఫ్రీ పాత్ అంటే, శక్తి పోగొట్టుకునే తాకిడి తగిలేలోపు ఎలక్ట్రాన్ సగటున వెళ్లే దూరం. దానికి రెండింతల మందం దాకా డేటా బాగానే ఉంది. 300 కిలోవోల్టుల దగ్గర ఆ పాత్ సుమారు 300 నానోమీటర్లు.

ఇక రేడియేషన్ దెబ్బ. ముందుగా తెగేవాటిలో డైసల్ఫైడ్ బంధాలు, అంటే రెండు సల్ఫర్ పరమాణువుల మధ్య బంధాలు, ఉంటాయి, లైసోజైమ్‌లో అవి నాలుగు. అన్ని క్రిస్టల్స్ తొలి ఫ్రేములతో, పరమాణువులు ఎక్కడున్నాయో చూపే ఒక మ్యాప్, చివరి ఫ్రేములతో ఇంకోటి వేయండి. రెండోదాంట్లో సల్ఫర్ దగ్గర సాంద్రత పలచబడితే, ఆ ఫ్రేములు తీసేసి మళ్లీ మెర్జ్ చేయండి.