గ్రీజు కాదు, నూనె

(ఇంగ్లండులోని కోవెంట్రీ పరిసరాల తెలుగు కుటుంబాల ఉగాది కలయికలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలకు, పొద్దున్నుంచి వంటగదిలోంచి బయటికి రాని అక్కయ్యలకు, కుర్చీలు వేసిన కుర్రాళ్ళకు, ఆ కుర్చీలు తీయబోయే కుర్రాళ్ళకు కూడా నమస్కారం. వేపపువ్వు దొరక్క కాకరకాయ ముక్కతో ఉగాది పచ్చడి కానిచ్చిన వదినగారికి ప్రత్యేకంగా. చేదు చేదే కదమ్మా, ఎక్కడిదైతే ఏం.

కార్యదర్శిగారు నన్ను కోరిన విషయం "కొత్తగా వచ్చిన యువతకు పొదుపు సూత్రాలు". నేనూ బుద్ధిగా కాగితం మీద అయిదు పాయింట్లు రాసుకొచ్చాను. కానీ ఇందాక పార్కింగులో నా బండి చుట్టూ చేరిన పిల్లల్లో ఒక అబ్బాయి, "అంకుల్, ఇలాంటిది ఎంతలో వస్తుంది? నా దగ్గర అయిదు వేల పౌండ్లున్నాయి" అన్నాడు. వాళ్ళ నాన్న మొహం చూశాను. సంబంధం తప్పిపోయిన ఇంటాయన మొహంలా ఉంది. అందుకని కాగితం జేబులో పెట్టేస్తున్నాను. ఆ అబ్బాయికి జవాబు చెబుతాను. అదీ పొదుపు గురించే, కార్యదర్శిగారూ, కంగారు పడకండి.

బయట ఉన్నది ట్రయంఫ్ కంపెనీ చేసిన స్పిట్‌ఫైర్ 1500 కారు. 1978 మోడల్. రెండు సీట్లు, గుడ్డ టాప్, 1493 సీసీ ఇంజను, 71 గుర్రాల బలం. రంగు మీరు చూశారు, ఆవకాయ జాడీలో పైకి తేలిన నూనెలాంటి పసుపు. పోటీ బండి అని భ్రమపడకండి. ఇప్పటి చిన్న ఫ్యామిలీ కారు కూడా దాన్ని దాటిపోతుంది. కాకపోతే నేలకు జానెడు ఎత్తులో కూర్చుని వెళ్తాం కాబట్టి, 40 మైళ్ళ వేగానికే దేవుళ్ళందరూ గుర్తొస్తారు.

ఈ బండి పుట్టింది ఈ ఊళ్ళోనే. ఇక్కడికి నాలుగు మైళ్ళ లోపు, క్యాన్లీలో. 1980లో అక్కడ కార్ల తయారీ ఆగిపోయింది, ఇప్పుడంతా ఆఫీసులు, దుకాణాలు. మీలో కొందరు రోజూ ఉద్యోగానికి వెళ్ళే రోడ్డు పేరు హెరాల్డ్ అవెన్యూ. ఎవరీ హెరాల్డ్, ఏ దొర అని ఎప్పుడైనా అనుకున్నారా? దొర కాదండీ, కారు. ఆ కారు నాకు ఇంగ్లండుకు రాకముందే తెలుసు.

ఇక్కడ కాస్త బెజవాడ వెళ్ళాలి.

మా చిన్నప్పుడు మన దేశంలో కారు అంటే మూడే. అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్ హెరాల్డ్. ఈ హెరాల్డ్‌ను 1961 నుంచి మద్రాసులో తయారు చేశారు. ఇక్కడి ట్రయంఫ్ హెరాల్డే, మిషెలోటి అనే ఇటలీ ఆయన గీసిన బొమ్మే. మా నాన్నగారు కాలేజీ లెక్చరర్. ప్రావిడెంట్ ఫండు మీద అప్పు తీసి ఒక సెకండ్ హ్యాండ్ హెరాల్డ్ కొన్నారు. కొన్నది నడపడానికా, తోయడానికా అని మా బామ్మ రోజూ అడిగేది. దాని బానెట్ మామూలు కార్లలా కాదు, ముక్కు దగ్గర కీలుండి, మడ్‌గార్డులతో సహా మొత్తం ముందుకు లేస్తుంది. మొసలి నోరు తెరిచినట్టు. ఆటోనగర్‌లో మేస్త్రి ఆ నోట్లోకి దూరి, ముందు టైరు మీద పీట మీద కూర్చున్నట్టు కూర్చుని పని చేసేవాడు. నేను పక్కన నిలబడి పానాలు అందించేవాణ్ణి. అరంగుళం అంటే అరంగుళం, ముప్పావంగుళం అంటే ముప్పావంగుళం. తప్పు పానా ఇస్తే ఏమీ అనేవాడు కాదు, దాన్ని కింద పెట్టి మళ్ళీ చెయ్యి చాపేవాడు. తిట్టినా బాగుండేది.

ఆ మేస్త్రి ప్రతిసారీ బండి వదిలేముందు నాన్నగారికి ఒక మాట చెప్పేవాడు. "సార్, ముందు చక్రాల అడుగున 90 నంబరు ఆయిలు పొయ్యాలి. గ్రీజు కొట్టనియ్యమాకండి. ఎవడు చెప్పినా సరే. గ్రీజు కాదు, నూనె." ప్రతిసారీ. మా నాన్నగారు ప్రతిసారీ "అలాగేనయ్యా" అనేవారు. నాకది గుడిలో మంత్రంలా చెవిన పడేదే తప్ప అర్థం తెలియదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

సరే, స్పిట్‌ఫైర్ సంగతి. ఆ హెరాల్డ్ ఛాసీనే, అంటే అడుగున ఉండే ఇనుప చట్రాన్నే, పొట్టిగా చేసి, మీద రెండు సీట్ల బాడీ పెడితే స్పిట్‌ఫైర్. ఇదీ ఆ మిషెలోటి గీసిందే. కంపెనీ దగ్గర డబ్బుల్లేక ఆ నమూనాను గుడ్డ కప్పి ఒక మూల పడేశారు. 1961లో కంపెనీని కొన్న లేలాండ్ వాళ్ళు ఫ్యాక్టరీ చూడటానికొచ్చి, ఇదేమిటి అని గుడ్డ లాగారు. మరుసటి ఏడు, 1962లో, బండి మార్కెట్లోకి వచ్చింది. 1980 దాకా 3 లక్షలకు పైగా చేశారు. అన్ని చేశారు కాబట్టే ఈరోజుకీ అందుబాటు ధరలో దొరుకుతోంది, స్పేర్ పార్టులకూ లోటు లేదు. బాబూ, నీ అయిదు వేలకు మొదటి జవాబు ఇది. మొదటి పాత బండి కొనేటప్పుడు అరుదైనది వద్దు. అరుదైన బండికి అద్దం పగిలితే అద్దం కూడా అరుదే.

2013లో నేను మొదట చూసింది ఎర్రటి బండి. కొత్త పెయింటు, మన మొహం కనిపిస్తోంది. మా ఆవిడ కూడా "బాగుందండీ" అంది. ఆవిడ అలా అనడం అరుదు కాబట్టి చెక్కు రాయబోయాను. అంతలో జేబులో అయస్కాంతం గుర్తొచ్చింది, ఫ్రిజ్ మీద అంటిస్తామే, అదే. పెయింటు గీరుకుపోకుండా రుమాలులో చుట్టి తలుపు మీద పెట్టాను, అంటుకుంది. తలుపు కింద పెట్టాను, జారి కింద పడింది. కాస్త జరిపి పెట్టాను, మళ్ళీ పడింది. ఆ తలుపు కింది భాగాన్ని ఇక్కడ సిల్ అంటారు. అంటే గడప. స్పిట్‌ఫైర్‌కు కింద ఛాసీ ఉన్నా, బండి నడుము నిలబడేది ఈ గడపల మీదే. అక్కడ ఇనుము తుప్పుపట్టి పోయింది, ఉన్నదంతా పుట్టీ. మనం గడపకు పసుపు రాస్తాం, వీళ్ళు పుట్టీ రాశారు. అమ్మేవాడు నా రుమాలు వంక చూశాడు, నేను వాడి వంక చూశాను. ఇద్దరం వాతావరణం గురించి మాట్లాడుకుని విడిపోయాం.

రెండోది ఇప్పుడు బయట ఉన్నది. అప్పుడు చూడటానికి దరిద్రంగా ఉంది. పెయింటు వెలిసిపోయి, సీటు చిరిగి, ఒక తలుపు వేరే పసుపు. కానీ గడపల మీద అయస్కాంతం జలగలా పట్టింది. అమ్మిన పెద్దాయన బిస్కెట్ డబ్బా తెచ్చి ముందు పెట్టాడు. అందులో పాతికేళ్ళ రసీదులు. ఏ ఏడు ఏ బోల్టు మార్చాడో అన్నీ ఉన్నాయి. బాబూ, పెయింటు కొనకు, రసీదులు కొను.

ఇంకో పరీక్ష ఉంది, ఇది ఈ ఇంజన్లకు ప్రత్యేకం. లోపల క్రాంక్ షాఫ్టు, అంటే ఇంజను తిప్పే ఇరుసు, ముందుకూ వెనక్కూ జరక్కుండా అర్ధచంద్రాకారంలో థ్రస్టు వాషర్లుంటాయి. అవి అరిగితే జారి కింద ఆయిలు సంపులో పడతాయి. ఆ తర్వాత ఇంజను తనను తానే తినేస్తుంది. చూడటం తేలిక. ఒకరు లోపల కూర్చుని క్లచ్ తొక్కాలి, ఇంకొకరు ఆ ఇరుసు ముందు చివర ఉండే పుల్లీని చూడాలి. క్లచ్ తొక్కినప్పుడల్లా పుల్లీ ముందుకు జరగడం కంటికి కనిపిస్తే, థాంక్స్ చెప్పి ఇంటికి వచ్చేయాలి. ఆ రోజు వాన. మా ఆవిడ లోపల క్లచ్ తొక్కుతోంది, నేను మోకాళ్ళ మీద కూర్చుని చూస్తున్నాను. "ఇంకోసారి తొక్కు" అంటున్నాను. ఏడెనిమిది సార్లయ్యాక, "పెళ్ళిచూపుల్లో కూడా మీవాళ్ళు నన్ను ఇన్నిసార్లు నడిపించలేదు" అంది. పుల్లీ కదల్లేదు. 3,200 పౌండ్లకు బేరం కుదిరింది.

ఇక్కడ కార్యదర్శిగారు కోరిన పొదుపు. అయిదు వేలుంటే అయిదు వేల బండి కొనొద్దు. మూడు, మూడున్నర వేలది కొని మిగతాది ముట్టుకోకుండా దాచు. ఆ దాచింది ఏడాదిలోపే పోతుంది, నాది ఎనిమిది నెలల్లో పోయింది. టైర్లు చూస్తే గాట్లు నిండుగా, కొత్తవాటిలా ఉన్నాయి. పక్కన నాలుగంకెలు చదివితే 1403. అంటే 2003వ సంవత్సరం 14వ వారంలో చేసినవి. పదేళ్ళ రబ్బరు. ఎండిన అప్పడంలా ఉంది. నాలుగూ మార్చాను. తర్వాత బ్రేకు గొట్టాలు, ఆ తర్వాత రేడియేటరు. ఇవేవీ బయటికి కనిపించవు, చుట్టాలొచ్చి "ఇంకా పెయింటు వేయించలేదా" అంటారు. వేయించలేదు. ఇప్పటికీ ఆ తలుపు వేరే పసుపే.

కొన్ని మంచి మాటలు కూడా చెప్పాలి కదా. 40 ఏళ్ళు దాటిన బండికి రోడ్డు టాక్సు లేదు, దరఖాస్తు పెట్టి చారిత్రక వాహనంగా మార్పించుకోవాలి. నాది 2019 ఏప్రిల్ నుంచి సున్నా. చప్పట్లు కొట్టారు, తెలుగువాళ్ళనిపించారు. పెద్ద మార్పులేమీ చేయకపోతే ఎంవోటీ, అంటే బండి రోడ్డు మీద తిరగడానికి భద్రమేనా అని ఏటా చేసే పరీక్ష, అది కూడా తప్పనిసరి కాదు. నేను మాత్రం ఏటా చేయిస్తాను, ఎందుకో ఇప్పుడు చెబుతాను. పెట్రోలు ఇప్పుడు మామూలుగా దొరికే ఈ10 పోయొద్దు, దానిలో ఇథనాల్ ఎక్కువ. పాత రబ్బరు గొట్టాలను అది తినేస్తుంది. ఇథనాల్ తక్కువుండే ఈ5 పోయాలి, ఖరీదు ఎక్కువ. డిక్కీలో సోనామసూరి బస్తాలు రెండు పడతాయి, పరీక్షించాను.

ఎంవోటీ ఎందుకంటే.

2015 వేసవి. నాకు పనుల ఒత్తిడి ఎక్కువై, ఎప్పుడూ నేనే చేసుకునే సర్వీసును ఒక గ్యారేజీకి ఇచ్చాను. పేరు చెప్పను. మంచి పిల్లలే, నవ్వుతూ మాట్లాడారు. బిల్లులో "ముందు చక్రాలకు గ్రీజు" అని రాసి ఉంది. చదివాను. చదివి జేబులో పెట్టుకున్నాను. మీరు నమ్మండి, ఆ మాట చదివినప్పుడు నాకు ఏమీ అనిపించలేదు. చిన్నప్పుడు అన్నిసార్లు విన్నవాణ్ణి, బజారులో పరాయి మనిషి పక్కనుంచి వెళ్ళిపోయినట్టు వెళ్ళిపోయింది. అక్కడితో ఆగలేదు, ఆ తర్వాత రెండుసార్లూ వాళ్ళకే ఇచ్చాను.

ఆ చక్రం దగ్గర ఏముంటుందో చెబుతాను. చక్రాన్ని పట్టుకునే నిలువు ఉక్కు కడ్డీ అడుగున మరచుట్లుంటాయి. అది ట్రనియన్ అనే కంచు దిమ్మలోకి మర బిగించినట్టు దిగి ఉంటుంది. మనం స్టీరింగు తిప్పినప్పుడల్లా కడ్డీ ఆ మరలో తిరుగుతుంది. నూనె పోస్తే మరచుట్లన్నిటికీ జారి అందుతుంది. గ్రీజు కొడితే ముద్దలా పైనే కూర్చుంటుంది, కింద ఎండిపోతుంది, నీళ్ళు చేరతాయి. ఉక్కు తుప్పుపడుతుంది, పగులు వస్తుంది. ఒక రోజు తెగుతుంది.

నాకు ఆ రోజు 2017లో వచ్చింది. సూపర్ మార్కెట్ పార్కింగులోంచి మలుపు తిరుగుతున్నాను. పది మైళ్ళ వేగం కూడా లేదు. టక్ మని ఒక శబ్దం, అంతే. ఎడమ ముందు చక్రం మడతపడి, ముక్కు నేలను తాకింది. మా చిన్నమ్మాయి పక్క సీట్లో ఉంది, చేతిలో ఐస్‌క్రీమ్. "నాన్నా, చక్రం పడుకుంది" అంది. రెండు నిమిషాలు ఆగి ఉంటే రింగ్ రోడ్డెక్కేవాళ్ళం. దాని గురించి ఇంకేమీ చెప్పను.

బండి లారీ మీద ఇంటికొచ్చాక ఆ కంచు దిమ్మ విప్పాను. లోపల గట్టిపడిన గ్రీజు, గోధుమరంగు తుప్పు నీళ్ళు. ఆ రాత్రి బెజవాడ ఫోన్ చేశాను. నాన్నగారికి అప్పటికి 80 దాటాయి. జరిగింది చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మేస్త్రి నాకు చెబుతున్నాడనుకున్నాన్రా ఇన్నాళ్ళూ. నాకెందుకు చెబుతాడు, నేను అలాగే అనడం తప్ప ఏం చేసేవాణ్ణి? పానాలందించేవాడివి నువ్వు" అన్నారు.

ఇదండీ. గ్యారేజీ వాళ్ళ మీద నాకు కోపం ఉంది, లేదనను. కానీ ఆ పిల్లలు పుట్టేసరికే ఈ కార్ల తయారీ ఆగిపోయి ఏళ్ళయింది. వాళ్ళకు చెప్పినవాళ్ళు లేరు. నాకు చెప్పినవాడున్నాడు. పదేళ్ళు పక్కన నిలబడి విన్నాను. బండి వెంట వచ్చిన పాత పుస్తకంలో కూడా హైపాయిడ్ నూనె, అంటే గేర్లకు పోసే చిక్కటి నూనె, అనే ఉంది, తర్వాత చూశాను. ఆటోనగర్ మేస్త్రి ఆ పుస్తకం చదివి ఉండడు, అది ఇంగ్లీషులో ఉంది. బండ్లు విప్పి, తెగిన కడ్డీలు చూసి తెలుసుకున్నాడు. కోవెంట్రీలో పుట్టిన కారు గురించి కోవెంట్రీ గ్యారేజీకి తెలియంది బెజవాడలో ఒకాయనకు తెలుసు. ఆయన పేరు కూడా నాకు తెలియదు. అందరం మేస్త్రి అనేవాళ్ళం.

బాబూ, నువ్వు ఎక్కడున్నావ్? ఆ, వెనక. కొనేముందు నన్ను పిలువు, వస్తాను. అయస్కాంతం, రుమాలు నావి. క్లచ్ తొక్కడానికి మాత్రం మీ నాన్నను తీసుకురా. ఇందాకటి నుంచి ఆయన నవ్వుతున్నారు, నేను చూశాను. పానాలు మాత్రం నువ్వే అందించాలి, అరంగుళం అంటే అరంగుళం...

ఏమిటమ్మా ఈ చీటీ? పులిహోర చల్లారిపోతోందని రాసి ఉంటారు. కాదా? "అంకుల్, వాన మొదలైంది, మీ కారు టాప్ తెరిచి ఉంది."

ఇద్దరు కుర్రాళ్ళు నాతో రండి, ఆ టాప్ ఒక్కడి వల్ల కాదు. కార్యదర్శిగారూ, మిగతా నాలుగు పాయింట్లు మీరు చదివేయండి, కాగితం ఇదిగో.