850 రూపాయల "పోచంపల్లి": పోగు లాగి చూస్తే ఏమైంది?

నమస్తే అండీ. బల్ల మీద రెండు చీరలున్నాయి. ఇది 850, అది 9,500. రెంటి మీదా అవే చిలకలు, అదే మెరూన్. చవకది కూడా పోచంపల్లేనని చెప్పి అమ్మారు మా అమ్మకి. షాపు పేరు చెప్పను, వదిలేద్దాం.

ఇక్కత్‌లో, అంటే పోగులకి ముందే రంగులు వేసి నేసే ఈ పోచంపల్లి నేతలో, బొమ్మల అంచులు కాస్త మసకగా ఉంటాయని అందరికీ తెలుసు. ఈ మధ్య ప్రింటు వాళ్లు ఆ మసకను కూడా అచ్చు గుద్దేస్తున్నారు! అందుకే వేరే పని చేద్దాం. జాకెట్టు ముక్క కత్తిరించిన చోట ఒక పేక పోగు, అంటే అడ్డం పోగు, లాగుతున్నా. కెమెరా దగ్గరికి తెస్తాను, చూడండి. 9,500 చీర పోగులో ఇక్కడ పసుపు, ఇక్కడ ఎరుపు, మళ్లీ పసుపు. ఎటు తిప్పినా రంగు నిండుగా ఉంది. ఇప్పుడు రెండోది... చీమలు కొరికినట్టు తెల్ల చుక్కలు కనిపిస్తున్నాయా? పడుగు, అంటే నిలువు పోగుల, కింద దాక్కున్న చోట రంగు సరిగ్గా అందలేదు.

ఎందుకంటే చిటికి పనిలో, అంటే ఇక్కత్‌లో, రంగు ముందు, నేత తర్వాత. ప్రింటులో నేత ముందు, రంగు తర్వాత. ఆసు పోసి, అంటే పోగుల్ని చట్రం మీద వరసగా చుట్టి, గుర్తులు పెట్టి, రంగు అంటకూడని చోటల్లా రబ్బరు ముక్కలతో బిగించి కట్టి, రంగులో ముంచుతారు. ఎన్ని రంగులుంటే అన్నిసార్లు ఈ కట్టడం, విప్పడం. నేసేటప్పుడు పోగు కాస్త జరిగిందా, చిలక ముక్కు రెండుగా చీలుతుంది. ఇదిగో, ఇక్కడ చీలింది కూడా. నాకైతే ఈ చిలకే ముద్దు.

"మరి పోచంపల్లి వాళ్లు కాపీ కొట్టలేదా?" అని కామెంట్లు వస్తాయని తెలుసు. ఈ విద్య వాళ్లకి చీరాల వైపు నుంచి వచ్చిందే. గుజరాత్ వాళ్ల పటోలా పట్టుచీరల మీది ఏనుగులు, చిలకలు కూడా వీళ్ల మగ్గాలెక్కాయి. కానీ ఆ ఏనుగు దిగాలంటే ప్రతి పోగూ కట్టాల్సిందే. బొమ్మ అరువైనా పని సొంతం. ప్రింటుకి ఒక ఫొటో చాలు.

2004-05లో వచ్చిన జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు పోచంపల్లి ఇక్కత్ అనే పేరుకి కాపలా. చిలక బొమ్మ మాత్రం ఎవరైనా వేసుకోవచ్చు.

850 చీర గుడ్డ మెత్తగా ఉంది, ఇంట్లో కట్టుకోవడానికి హాయి. బిల్లు మీద "ప్రింటు" అని రాసుంటే ఈ వీడియో చేసేదాన్నే కాదు.